ధర్మవరంలో చీరలు కొనే మనిషిని

మా ప్రాజెక్టు చివరి మీటింగుకు నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. హిందూపురం ఆఫీసులో అందరూ నన్ను కింది నుంచి పై దాకా చూశారు. ఉద్యోగాలు ఊడుతున్న రోజున ఈమెకు పట్టుచీర ఏమిటని వాళ్ళ బాధ. ఏం, నలిగిన చీర కట్టుకుని మూతి ముడుచుకుని కూర్చుంటే విదేశాలవాళ్ళు ఆపేసిన నిధులు మళ్ళీ ఇస్తారా? నాకున్న పట్టుచీర అదొక్కటే. అది కూడా ఈ ఉద్యోగం నాకు అంటగట్టిందే.

మీటింగు కంప్యూటర్ తెర మీద జరిగింది. ఎన్నో దేశాల మొహాలు చిన్న చిన్న గడుల్లో కనిపించాయి. ఎయిడ్స్ మీద ఇన్నేళ్ళు దేశాలన్నీ కలిసి పనిచేశాయనీ, డబ్బు ఆగినా పని ఆగకూడదనీ పెద్దలు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. వినడానికి బాగానే ఉంది. ఒక గడిలో ఆఫ్రికా నుంచి ఒకావిడ ఉంది. కొన్నేళ్ళ కిందట మా దగ్గరికి వచ్చిపోయిన మనిషి. నన్ను గుర్తుపట్టి, చీర బాగుంది, ఎక్కడిదని అడిగింది. మా మాటలను ఇంగ్లీషులోకీ, వాళ్ళ మాటలను తెలుగులోకీ మార్చి చెప్పే అమ్మాయి నా పక్కనే ఉంది. ధర్మవరం అని చెప్పించాను.

"ఓ, ఆ దూరం ఊరు" అందావిడ. ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు. "వాళ్ళకు ఇప్పుడు మందులు దగ్గర్లో దొరుకుతున్నాయా?" అని అడిగింది.

దొరుకుతున్నాయని చెప్పాను. ఆమె సంతోషంగా తల ఊపింది. అంతకుమించి చెప్పే వ్యవధి లేదు. వెనక ఇంకా చాలా దేశాలవాళ్ళు మాట్లాడాలి. ఆ చీర నా ఒంటి మీదికి ఎలా వచ్చిందో చెబితేనే ఆ ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పినట్టు. అప్పుడు కుదరలేదు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

ముందు నా సంగతి. నాకు హెచ్ఐవి ఉంది. మాది గోరంట్ల పక్కన పల్లె. మా ఆయన బోర్లు వేసే లారీ మీద పనిచేస్తూ రాష్ట్రాలు తిరిగేవాడు. ఆయన పోయాక నాకు పరీక్ష చేస్తే ఉందన్నారు. మా నాయన నన్ను ఇంటికి పిలుచుకొచ్చి, వీధిలో నిలబడి అందరికీ వినబడేట్టు చెప్పాడు: "నా బిడ్డ నా ఇంట్లోనే ఉంటాది. నా గిన్నెలోనే తింటాది. ఇష్టం లేనోళ్ళు మా గడప తొక్కబల్లేదు." ఆ ఒక్క మాటతో నాకు దాచుకునే శ్రమ తప్పింది. నోరు కూడా లేచింది. నా నోటికి భయపడే నాకీ ఉద్యోగం ఇచ్చారని ఆఫీసులో ఎగతాళి చేసేవాళ్ళు. అనుకోనీ. అందరికీ మా నాయన లాంటి నాయన దొరకడు. ఆ సంగతి ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తెలిసింది.

నా పని, మాత్రలు మానేసినవాళ్ళను వెతికి మళ్ళీ ఆసుపత్రికి రప్పించడం. మాత్రలు సర్కారు ఉచితంగా ఇస్తుంది. మా జీతాలూ బస్సు చార్జీలూ విదేశీ నిధుల నుంచి వచ్చేవి. ఈ జబ్బుకు రోజూ మాత్ర వేసుకోవాలి, బతికినంత కాలం వేసుకోవాలి. వేసుకుంటే అందరిలాగే పనిచేసుకోవచ్చు, అందరిలాగే ముసలివాళ్ళం కావచ్చు. మానేస్తే ఒంట్లో అణిగి ఉన్నది లేస్తుంది. మళ్ళీ మొదలుపెట్టినా అదే మాత్ర పనిచేస్తుందన్న నమ్మకం లేదు.

మా వైపు ఒక పద్ధతి ఉండేది. ఎవరూ వాళ్ళ ఊళ్ళో మాత్రలు తీసుకునేవాళ్ళు కాదు. హిందూపురంవాళ్ళు అనంతపురం పోయేవాళ్ళు. ధర్మవరంవాళ్ళు హిందూపురం వచ్చేవాళ్ళు. రొళ్ల వైపువాళ్ళలో కొందరు సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోయేవాళ్ళు. రైల్లో ఎదురెదురుగా కూర్చుని పోతూ ఒకరినొకరు ఎరగనట్టు కిటికీలోంచి చూసేవాళ్ళు. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు. ఆసుపత్రి వరండాలో మన పక్కింటామె కనబడితే ఏమవుతుందో అందరికీ తెలుసు గనక అలా జరిగిపోయింది.

ఇంకొక పద్ధతి మాది. మాత్రలు మొదలుపెట్టే రోజునే అడిగి పెట్టుకునేవాళ్ళం, ఎప్పుడైనా మీ ఇంటికి రావలసి వస్తే నేను ఎవరినని చెప్పుకోవాలి అని. ఒక్కొక్కరు ఒక్కొక్క వేషం చెప్పేవాళ్ళు. గోరంట్లలో ఒక ఇంట్లో నేను ఇన్సూరెన్స్ మనిషిని. బుక్కపట్నంలో ఒకామెకు చిన్ననాటి స్నేహితురాలిని. స్నేహితురాలినై ఉండి పెళ్ళికి రాలేదని వాళ్ళ అత్తగారు కనబడినప్పుడల్లా దెప్పేది. రొళ్ల దగ్గర ఒక ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. అక్కడ నిజంగానే కొలతలు తీసుకోవలసి వచ్చింది. ఆ జాకెట్టు ఇప్పటికీ కుట్టివ్వలేదు. ధర్మవరంలో ఒక ఇంటికి నేను హిందూపురం నుంచి చీరలు కొనేదానికి వచ్చే మనిషిని.

ఆ ఇంటి కోడలు నాకంటే చాలా చిన్నది. పాపా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. మొగుడు మగ్గం నేసేవాడు, నేసిన చీరలు బెంగళూరు తీసుకుపోయి అమ్మేవాడు. కామెర్లతో పోయాడని బంధువులందరికీ చెప్పారు. కొన్నాళ్ళకు ఈమె చిక్కిపోయి, ఎందుకో అనుమానం వచ్చి, ఎవరికీ చెప్పకుండా హిందూపురం వచ్చి పరీక్ష చేయించుకుంది. ఆ రోజు బెంచీ మీద కూర్చుని నన్ను అడిగిన మొదటి మాట, "మా అత్తకు తెలిస్తే ఎట్లక్కా?" అని. జబ్బు గురించి ఏమీ అడగలేదు. ఇంట్లో మిగిలింది అత్తా కోడలూ, ఆయన పోయాక కోడలే నేసే ఒక మగ్గం. ఇల్లు అత్తది. మగ్గం అత్తది. పుట్టినింట్లో ఎవరూ లేరు. తెలిస్తే వెళ్ళగొడుతుంది, వెళ్ళగొడితే పోయేదానికి చోటు లేదు. ఆమె భయమంతా అదే.

అందుకని నెలనెలా పట్టు నూలు కొనేదానికని చెప్పి హిందూపురం వచ్చేది. మా దగ్గర మాత్రలు తీసుకుని, బజార్లో నిజంగానే కాస్త పట్టు కొని, సాయంత్రం రైలుకు పోయేది. కౌన్సిలింగ్ గదిలో ప్రతిసారీ ఒక ప్రశ్న అడుగుతారు, ఇంట్లో ఎవరికైనా తెలుసా అని. ప్రతిసారీ ఒకటే జవాబు: "ఎవరికీ తెల్దు."

ఆమె చేతిలో ఎప్పుడూ ఒక టిఫిన్ క్యారియర్ ఉండేది. అందులో చిత్రాన్నం, ఉడకబెట్టిన గుడ్లు రెండు, బెల్లంతో కట్టిన చెనిక్కాయ ఉండలు. ఒక మనిషి తినేంత కాదది.

"ఇంత కూడెందుకు పాపా?" అని అడిగాను ఒకసారి.

"మా అత్తకు నా మీద అనుమానమక్కా. యాడికో పోతాండానని. మిగిల్చి తీసకపోతే యాడ తిన్యావు, ఎవరు పెట్టినారు అని వంద అడుగుతాది. నువ్వు సగం తినక్కా, నీకు పున్నెముంటాది."

పుణ్యానికి తినడం నాకు కష్టమేమీ కాదు. గుడ్లంటే ఆమెకు పెద్దగా ఇష్టం లేదు, వాసనంటుంది. కాబట్టి గుడ్లు నావి. ఆ అత్తగారి గయ్యాళితనం గురించి బెంచీ మీద కూర్చుని ఇద్దరం బోలెడు నవ్వుకున్నాం, ఆమె వండిన గుడ్లు తింటూనే.

అలా ఉండగా విదేశీ బృందం వస్తుందన్నారు. నిధులిచ్చే దేశాలవాళ్ళు, వాళ్ళతో పాటు ఈ జబ్బుతో బతుకుతూ తమ దేశాల్లో సంఘాలు నడిపే నాయకులు. అన్ని ఊళ్ళవాళ్ళకూ మధ్యలో ఉంటుందని పెనుకొండలో ఒక కల్యాణ మండపం మాట్లాడారు. బయట కట్టిన ఫ్లెక్సీ మీద ఏం రాయాలన్నది పెద్ద సమస్య అయింది. జబ్బు పేరు రాస్తే ఒక్కరూ రారు. చివరికి 'మహిళా ఆరోగ్య సమావేశం' అని రాశారు. మగవాళ్ళు కూడా వచ్చి ఆ ఫ్లెక్సీ కింద నుంచే తల వంచుకుని లోపలికి పోయారు.

మావాళ్ళు ముందే ఒక పథకం వేసుకున్నారు. రొళ్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయన దానికి నాయకుడు. "వచ్చేది పెద్ద పెద్దోళ్ళప్పా. ఏమి కావాలని అడుగుతారు. రైలుకూ బస్సుకూ పాసు అడుగుదాము. ఊరికే పాసియ్యండి అంటే ఇయ్యరు. దూరమని చెప్పి ఏడవల్ల. బాగా ఏడవల్ల." ఎవరు బాగా చెప్పగలరని చూసి ధర్మవరం పాపను ముందుకు తోశారు.

ఆఫ్రికా ఆవిడ వేదిక ఎక్కలేదు. ఎత్తైన మనిషి, కుర్చీ లాక్కొని మా మధ్యలో కూర్చుంది. సంచిలోంచి తన మాత్రల డబ్బా తీసి అందరికీ చూపించింది. తిప్పి చూస్తే దాని మీద మన హైదరాబాద్ పేరుంది. "నేను పదిమందిలో నిలబడి మాట్లాడుతున్నానంటే మీ దేశంలో తయారైన ఈ మాత్ర వల్లే" అంది. మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సహాయం ఎప్పుడూ అటునుంచి ఇటే వస్తుందనుకున్నాం. ఇటునుంచి కూడా అటు పోతోందని మాకు ఎవరూ చెప్పలేదు. ఆ డబ్బా చేతులు మారుతూ మండపమంతా తిరిగింది.

తర్వాత తన చెల్లెలి గురించి చెప్పింది. వాళ్ళ ఊరికి మందుల చోటు చాలా దూరమట. నడిచి పోవాలట. కొన్నాళ్ళు నడిచింది, తర్వాత నడవలేక మానేసింది, పోయింది. "అందుకే నేను ఏ దేశం పోయినా అడిగేది ఒకటే. మందు కోసం మీరు ఎంత దూరం పోతున్నారు?" అంది.

రొళ్ల పెద్దాయన కళ్ళు మెరిశాయి. వెనకనుంచి పాపను పొడిచాడు. పాప లేచి మొదలుపెట్టింది. తెల్లవారకముందే లేస్తుందట, రైలంతా నిలబడే వస్తుందట, ఆసుపత్రిలో పొద్దంతా పడిగాపులట, ముద్ద కూడు లేక కళ్ళు తిరుగుతాయట. కూడు లేక అని చెబుతున్నప్పుడు టిఫిన్ క్యారియర్ ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. నేను దాన్ని మెల్లగా కుర్చీ కిందికి జరిపాను. మాటలు మార్చి చెప్పే అమ్మాయి అన్నీ పొల్లుపోకుండా చెప్పింది. ఆఫ్రికా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాప చేతులు రెండూ పట్టుకుని, "ఈ మాట నేను పెద్దల దగ్గరికి తీసుకుపోతాను, మాట ఇస్తున్నాను" అంది. ఆ కన్నీళ్ళు చూశాక పాసు మాట ఎత్తేదానికి ఎవరికీ నోరు రాలేదు.

ఆవిడ మాట నిలబెట్టుకుంది. కొన్ని నెలలు గడిచాక, చిన్న ఊళ్ళలో కూడా మందుల గదులు పెడతారనీ, ఎవరికి దగ్గరైన చోట వాళ్ళు తీసుకోవాలనీ ఉత్తర్వు వచ్చింది. ధర్మవరం ఆసుపత్రిలో ఒక గది తెరిచారు. మాకు ఆ సంగతి చెప్పిన అధికారి మేము చప్పట్లు కొడతామని కాసేపు ఆగాడు. మావాళ్ళ మొహాల్లో నెత్తురు లేదు. రొళ్ల పెద్దాయన నెత్తిన చేయి పెట్టుకున్నాడు. "పాసు అడిగితే ఆసుపత్రినే తెచ్చిచ్చినారు గదప్పా" అన్నాడు.

ఆఫ్రికా ఆవిడను నేను తప్పు పట్టను. ఆమె చెల్లెల్ని చంపింది దూరం. మమ్మల్ని కాపాడుతున్నది దూరం. ఆ సంగతి ఆమెకు తెలిసే దారి లేదు, చెప్పవలసినవాళ్ళం పాసు కోసం నాటకమాడాం.

పాప చివరిసారి హిందూపురం వచ్చినప్పుడు బెంచీ మీద కూర్చోలేదు, నిలబడే ఉంది. "మా అత్తకు షుగర్ ఉండాదక్కా. వారం వారం ఆ ఆసుపత్రికే పోతాది. ఆ కొత్త గదీ, షుగర్ మాత్రలిచ్చే గదీ ఒకే వరండాలో ఉండాయి. ఆమె పోకపోయినా మా వీధోళ్ళు పోతారు. ఇంగ నేనెట్ల పోవల్ల?" అంది. "నా నోటితో నేనే తెచ్చుకుంటి గదక్కా."

నేను డాక్టరు గదిలోకి పోయి గట్టిగానే మాట్లాడాను. ఈమెకు మాత్రం ఇక్కడే ఇవ్వండి సార్ అన్నాను. ఆయన మంచివాడే. "కంప్యూటర్లో ఈమె పేరు ధర్మవరానికి పోయిందమ్మా, నా చేతిలో లేదు. పైకి రాసి అడుగుతాను, జవాబు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఈ నెలకు ఇస్తాను, తర్వాత అక్కడ తీసుకోమను" అన్నాడు. ఎవరు మాత్రం ఏం చేస్తారు? డబ్బా తెచ్చి పాప చేతిలో పెట్టాను. "మొగానికి మాస్కు కట్టుకుని పో. చెవినొప్పి అని చెప్పు. ఏదో ఒకటి చెప్పు. మానేయొద్దు" అన్నాను. సరే అంది. ఆ సరే నాకు నచ్చలేదు.

ఆ నెల గడిచింది. ధర్మవరం గదిలో అడిగితే ఆ పేరు మనిషి రాలేదన్నారు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. రెండు మూడు రోజులు చూశాను. మాత్ర లేకుండా ఒక్కో రోజు పోతోంది. ఒంట్లో అణిగి ఉన్నది లేస్తే ఎలా ఉంటుందో మా ఇంట్లో నేను కళ్ళారా చూసినదాన్ని. ఇక లాభం లేదని పొద్దున రైలెక్కి ధర్మవరం పోయాను, చీరలు కొనే మనిషినై.

వీధి పొడుగునా మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. ఆ ఇంట్లో మగ్గం ఆగి ఉంది. తలుపు తీసింది ముసలామె, నేను ఊహించుకున్నంత గయ్యాళిగా ఏమీ లేదు. సన్నగా, నిద్ర చాలని కళ్ళతో ఉంది.

"హిందూపురం నుంచి వచ్చినా పెద్దమ్మా. చీరలు కొనేకి" అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసి, చాప వేసి, లోపలికి పోయి చీరల మూట తెచ్చింది. ఒక్కొక్కటీ విప్పి పరిచింది. చీరల గురించి నాకు ఏం తెలుసు? ప్రతిదానికీ బాగుండాది అన్నాను. ఇంకేదో అడగాలి కదా అని, ఉతికితే రంగు పోతుందా అన్నాను. ఆమె చేతిలో చీర ఆగింది.

"చీర కొనేకి వచ్చినోళ్ళు ముందు కొంగు చూపియ్యమంటారమ్మా. నువ్వు వచ్చినప్పటి నుంచీ ఆ గది తలుపు దిక్కే చూస్తాండావు."

నేను చటుక్కున చీర కొంగు చేతిలోకి తీసుకున్నాను.

"లోపలే పండుకోనుండాది. రెండు దినాలుగా జరం" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మాత్రలు అయిపోయినాయి. బియ్యం డబ్బాలో అడుగున పెట్టుకుంటాది. ఆ బియ్యం దినామూ తీసేది నేనే గదా? మాత్రల డబ్బా ఖాళీగా ఉండాది. నువ్వు మాత్రలిచ్చే ఆసుపత్రి మనిషివా?"

మా పనిలో ఒక గట్టి నియమం ఉంది. రోగి ఒప్పుకోకుండా రోగి సంగతి ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకూడదు. "నేను చీరలు కొనేదాన్ని పెద్దమ్మా" అనే అన్నాను.

"కొందువులే. ముందు ఇను" అంది ఆమె. చెబుతున్నంతసేపూ చీరలు మడతపెడుతూనే ఉంది. "నా కొడుకు పోయేటప్పుడు బెంగళూరు డాక్టరు నన్ను పక్కకు పిల్చి చెప్పినాడు, ఇట్లాంటి జబ్బు అని. కోడల్ని పిల్చుకొచ్చి పరీక్ష చేయించమ్మా, మందులుండాయి అన్యాడు. నేను చేయించల్యా. చెప్పనూ ల్యా. చెప్తే ఈ పాప నన్ను ఇడ్సిపెట్టి పోతాది, నేనూ ఈ మగ్గమూ మిగులుతామని భయపడితి. పాప చిక్కిపోతా ఉంటే చూస్తా ఊరికే ఉంటి. అట్ల ఉండంగా ఒక పొద్దు, హిందూపురం పోయి పట్టు తెస్తానన్యాది. పట్టు మా ఈదిలోనే అమ్ముతారు. పట్టుకు హిందూపురం పోయే పిచ్చిది యాడన్నా ఉంటాదా? అయినా పోయిరా పాపా అన్యా. కొన్ని తూర్లు పోయొచ్చినాక ఒళ్ళు చేసె. అప్పుడు నాకు తెలిసె, ఆమే కనుక్కున్యాదని. ఇంగ నేను ఏ మొగం పెట్టుకొని అడగల్ల?"

ఇంకో చీర చేతిలోకి తీసుకుని మళ్ళీ అంది. "గుడ్లు పెట్టు, చెనిక్కాయలు పెట్టు, బలముంటాది అని ఆ డాక్టరు నా కొడుక్కు చెప్పినాడు. వానికి పెట్టేకి దినాలు చాలల్యా. అందుకే ఈమెకు కట్టిస్తాండా."

నాకు మొదట వచ్చింది కోపమే. ఈ ముసలామె ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పిల్ల అంత చిక్కిపోయేదాకా వచ్చేది కాదు కదా. ఆ కోపం గొంతు దాకా వచ్చి, గుడ్ల మాట వినగానే అక్కడే ఆగిపోయింది. ఆ పిల్లకు బలం రావాలని ఇన్నాళ్ళూ ఈమె ఉడకబెట్టి పంపిన గుడ్లు తిన్నది నేను. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు రోగి ఇంట్లో ఏడవకూడదు. ఏడ్చాను.

గది తలుపు తెరుచుకుంది. పాప గడప మీద నిలబడి ఉంది. అంతా విన్నదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"నీకు తెలుసునా అత్తా? ఆయప్ప పోయినప్పుడే తెలుసునా?"

"తెలుసు."

"నేను సచ్చిపోయింటే?"

 ముసలామె చివరి చీర మడతపెట్టి మూట మీద పెట్టింది. తర్వాత పాప దిక్కు చూడకుండానే అంది, "ఈ పొద్దు నాకు షుగర్ దినము. ఆసుపత్రికి పోతాండా. గుడ్లు ఉడికినాయి. వస్తావా?"

పాప లోపలికి పోయింది. తలుపు మూసుకుంటుందనుకున్నాను. తల దువ్వుకుని, మొహం కడుక్కుని బయటికి వచ్చింది. మాస్కు కట్టుకోలేదు.

లేవబోతుంటే ముసలామె నా చేయి పట్టుకుంది. "నువ్వు చీరలకొచ్చినావని ఈదంతా చూసినారు. ఒట్టి చేతుల్తో పోతే, ఆ వచ్చినామె ఎవరని నన్ను అడుగుతారు" అంది. నిజమే. బేరమాడాను. ఏడ్చిన కళ్ళతో బేరమాడితే ఎవరు తగ్గిస్తారు? ఆమె ఒక్క రూపాయి తగ్గించలేదు, వాయిదాల మీద ఇవ్వడానికి మాత్రం ఒప్పుకుంది. మీటింగుకు కట్టుకున్న చీర అదే.

దారిలో అత్త ముందు నడిచింది, పాప వెనక, నేను మధ్యలో.  పాప ఒకసారి నా పక్కకు వచ్చి, "అక్కా, చెప్పింటే ఏమయ్యేది ఆమెకు?" అంది.  నోరుందని పేరేగానీ ఇలాంటి చోట్ల నా నోరు దేనికీ పనికిరాదు.

ఆసుపత్రి వరండా నిండా జనం. వాళ్ళ వీధిలోవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు, పలకరించారు. ముసలామె షుగర్ గది ముందు బెంచీ మీద కూర్చుంది. మేమిద్దరం అదే వరండాలో ఉన్న కొత్త గదిలోకి పోయాం. అక్కడి కౌన్సిలరు చిన్న వయసు అమ్మాయి, నెమ్మదిగా మాట్లాడుతుంది. జ్వరానికి డాక్టరు దగ్గరికి పంపుతానంది, రక్తం తీయించాలంది.

"మీ ఇల్లు ఇంత దగ్గర గదక్కా, ఏమిటికి రాలేదు?" అని అడిగింది.

"దగ్గరనే రాల్యా" అంది పాప.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. తర్వాతి ప్రశ్న అడిగింది, ఇంట్లో ఎవరికైనా తెలుసా అని. పాప వాకిలి దిక్కు చూసింది. తలుపు సగం తెరిచి ఉంది. బయట ముసలామె టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని మా వైపే చూస్తూ కూర్చుని ఉంది.

"మా అత్తకు తెలుసు. నాకంటే ముందే తెలుసు."

"అయితే మంచిదే. మీరు మాత్ర మరిచిపోతే గుర్తు చేసేదానికి ఆమెకు చెప్పనా?"

పాప మళ్ళీ వాకిలి దిక్కు చూసింది.  వద్దంటుందేమో అనుకున్నాను.

"చెప్పండి" అంది చివరికి. "ఆమే గుర్తు చేయల్ల. దినామూ చేయల్ల. నేను బతికినన్ని దినాలూ ఆమే చేయల్ల."

మాత్రలు తీసుకుని బయటికి వచ్చాం. ముసలామె పాప చేతిలోంచి డబ్బా తీసుకుని తన షుగర్ మాత్రల సంచిలో వేసుకుంది. బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చింది. క్యారియర్ తెరిచి గుడ్డు పెంకు ఒలిచి పాపకిచ్చింది, రెండోది ఒలిచి నా వైపు చాపింది. నేను వద్దన్నాను. ఆ రోజు రెండు గుడ్లూ పాపే తింది.